పిడుల్లేని వంటిల్లు

మదనపల్లెలో మా ఇల్లు చిన్నది. అందులో వంటిల్లు మరీ చిన్నది. ఆ వంటింట్లో మా అక్క సామాను మాత్రం ఒక పెళ్ళి చేయడానికి సరిపోయేంత ఉండేది. అటక మీద ఇత్తడి గుండిగలు, గోడ పొడుగునా చెక్కలు, చెక్కల నిండా డబ్బాలు. పాలపొడి డబ్బా, బిస్కెట్ల డబ్బా, ఏ పండగకో ఎవరో ఇచ్చిన మిఠాయి డబ్బా. ఏ రెండూ ఒక తీరుగా ఉండవు. పాలపొడి డబ్బాలో ఉలవలు ఉంటాయి, బిస్కెట్ల డబ్బాలో ఎండుమిరపకాయలు ఉంటాయి. బిస్కెట్లు ఎక్కడ ఉంటాయో నాకు ఏనాడూ తెలియలేదు. నేను హైస్కూల్లో లెక్కలు చెప్పి రిటైరైన మనిషిని. పైన బొమ్మ ఒకటీ లోపల సరుకు ఇంకొకటీ అయితే నాకు ఒళ్ళు మండుతుంది.

అక్కకు చదువు రాదు. కుప్పం పక్క గుడుపల్లె దగ్గర మా ఊళ్ళో ఆమె మేకల వెంట తిరుగుతున్న రోజుల్లో నన్ను బడికి పంపారు. తర్వాత ఆమెకు పెళ్ళయింది, కాపురం కుదుటపడకముందే భర్త పోయాడు. నాకు మదనపల్లెలో ఉద్యోగం వచ్చినప్పుడు ఒక ట్రంకుపెట్టె పట్టుకుని నాతో వచ్చేసింది. నేను పెళ్ళి చేసుకోలేదు. అప్పటినుంచి బడి నాది, ఇల్లు ఆమెది. వంటింట్లో నా మాట చెల్లేది కాదు. నేను ఎప్పుడైనా గరిటె పట్టుకుంటే, "నీకెందుకు పాపా ఇదంతా, పోయి పేపర్లు దిద్దుకోపో" అనేది. నాకు అరవై దాటినా ఆమెకు నేను పాపనే.

మొదట పులుసులో ఉప్పు రెండుసార్లు పడింది. వయసు మీద పడితే మరపు రాదా అని ఇద్దరం నవ్వుకున్నాం. తర్వాత పాలు పొంగి పొయ్యి ఆరిపోవడం, పొద్దున తిన్న ఇడ్లీని మధ్యాహ్నం మరిచి నేను ఆకలితో చంపుతున్నానని అలగడం మొదలైంది. అప్పుడు నేను నవ్వలేదు, విసుక్కున్నాను. ఒక మధ్యాహ్నం బ్యాంకు నుంచి వచ్చేసరికి వీధిలోకే గ్యాస్ వాసన కొడుతోంది. పొయ్యి తిప్పి పెట్టి, అగ్గిపెట్టె కోసం చెక్కలన్నీ వెదుకుతోంది అక్క. అగ్గిపెట్టె ఆమె కొంగులోనే ముడేసి ఉంది. అది దొరకకపోబట్టి ఇద్దరం మిగిలాం.

డాక్టరు స్కాన్ తీయించి చూశాడు. ఇది తగ్గేది కాదనీ, నిదానంగా పెరుగుతుందనీ, మందు కొంచెం ఆపుతుందేమో గానీ నయం చేయదనీ చెప్పాడు. లేచి వస్తుంటే, "చుట్టూ ఉండేవి సులువుగా పెట్టండమ్మా" అన్నాడు. ఆయన చెప్పిన వాటిల్లో నా చేతిలో ఉన్నది ఆ ఒక్కటే. సరే, సులువుగా పెడదాం అనుకున్నాను.

ఆ రోజుల్లోనే ఫోనులో ఒక వీడియో కంటబడింది. జపాన్‌లో ఎవరిదో వంటిల్లు, జెన్ పద్ధతిలో కట్టుకున్నదట. తెల్లటి గోడ, ఒక రాతి అరుగు, దాని మీద ఒక్క కెటిల్, పక్కన చిన్న పింగాణీ గిన్నెలో ఒక్క కొమ్మ. అంతే. ఇంకేమీ లేదు. ఒకామె మెత్తగా మాట్లాడుతోంది. అవసరం లేనిది తీసెయ్యమంది, అవసరమైనది కనబడకుండా పెట్టమంది. ఖాళీ కూడా ఇంట్లో ఒక వస్తువేనంది. కంటికి అడ్డం తగిలేది లేకపోతే మనసు దానంతట అదే నిలబడుతుందంది. నాకు దేవుడి మీద కూడా అంత గురి లేదు. ఆ మాట మీద కుదిరింది. అక్క మనసు నిలబడటం లేదు కదా. నిలబడనిచ్చే చోటు నేను కట్టిస్తాను అనుకున్నాను.

నా భయం ఏమిటో చెప్పాలి. అక్క చేతిలో వంట ఇంకా ఉంది. రాగిసంగటి అయితే చూడకుండా కెలుకుతుంది. ఎసట్లో బియ్యం ఉడికాక పిండి గుట్టగా పోసి, మూతపెట్టి మగ్గించి, దించి కింద పెట్టి, గిన్నెను పాదాల మధ్య బట్టతో అదిమి పట్టి కట్టెతో కెలుకుతుంటే ఆమె ఏమీ మరిచినట్టు ఉండదు. ఆ వంట చేతిలో ఉన్నంతకాలం అక్క అక్కగా ఉంటుంది, అది పోయిన రోజు నేను ఎవరో కూడా ఆమెకు తెలియకుండా పోతుంది అని నాకు లోలోపల ఖాయంగా అనిపించేది. ఈ కట్టడమంతా ఆ ఒక్కదాన్ని కాపాడటానికే.

పుంగనూరులో మా బడికి బెంచీలు చేసిన సాయిబు ఒకాయన ఉన్నాడు. అక్కను వెంటబెట్టుకునే పోయాను, ఒంటరిగా వదిలే ధైర్యం లేదు. ఫోనులో బొమ్మ చూపిస్తే ఆయన చాలాసేపు చూశాడు.

"వంట యాడ చేస్తారమ్మా ఇందులో?" అన్నాడు.

"అదే వంటిల్లు. అన్నీ తలుపుల ఎనక ఉంటాయి."

"తలుపులకు పిడులు లేవే?"

"పిడులు వద్దు. నొక్కితే తెరుచుకునేది పెట్టు."

"పెడతా, బెంగుళూరు నుంచి తెప్పించాల. మరీ బోసిగా ఉంటాది టీచరమ్మా. ఒగ నెమలి బొమ్మన్నా చెక్కుతా, రేటేమీ ఎక్కువ చెయ్యను."

"బోసిగానే ఉండాల."

ఆయన అక్క వైపు తిరిగాడు, పెద్దామె అయినా నాకు బుద్ధి చెబుతుందేమోనని. అక్క స్టూలు మీద ఠీవిగా కూర్చుని, "మా పాప సదువుకునుండాది అప్పా. అది చెప్పినట్ల చెయ్యి" అంది. నేను ఆ మాటకు పొంగిపోయాను.

అరుగు రాయికి కుప్పం పోయాం. ఆ బస్సు ప్రయాణం నాకు ఇప్పుడు తలుచుకోవాలంటే కష్టంగా ఉంది, ఎందుకంటే ఆ రోజు అక్కకు ఏ జబ్బూ లేదు. పలమనేరు దాటినప్పటినుంచి కిటికీ వదల్లేదు. ఏ దారి ఎక్కడికి పోతుందో, ఏ చేనులో ఎప్పుడు అనపకాయలు వేసేవాళ్ళో చెబుతూనే ఉంది. రాళ్ళ యార్డులో కూలి ఆడవాళ్ళతో సగం అరవం, సగం తెలుగు కలిపి మాట్లాడి నవ్వించింది. నేను మెరుపు లేని బూడిదరంగు పలక ఏరుకుంటే యార్డు ఆయన, "అది ఇంగా పాలిష్ కాలేదమ్మా, మెట్లకేస్తారు దాన్ని" అన్నాడు. నాకు అదే కావాలన్నాను. అక్క ఆ పలకను వేలి కణుపులతో కొట్టి చూసి, "మంచి రాయే పాపా. దీని మీద ముద్ద పెడితే తొందరగా ఆరతాది" అంది. ఆ ఒక్క రోజు చూసి నేను డాక్టరు మాట తప్పేమో అనుకున్నాను. ఆశ ఎంత చెడ్డదో నాకు లెక్కల పుస్తకాల్లో ఎవరూ చెప్పలేదు.

పని జరుగుతున్నన్నాళ్ళూ వంట వసారాలోకి మారింది. నేల మీద ఒంటి పొయ్యి, ఒక గిన్నె, సంగటి కట్టె, ఉప్పూ కారం డబ్బాలు, అంతే. ఆశ్చర్యం, అక్క ఒక్క తప్పు చేయలేదు. గ్యాస్ నేను తిప్పి వెలిగించి ఇస్తే మిగతాదంతా ఆమె చూసుకునేది. సంగటి పూర్వంలాగే వచ్చేది, పెరటి రోట్లో ఊరుబిండి పచ్చడి కూడా నూరింది. నేను వసారా మెట్టు మీద కూర్చుని చూస్తూ, ఇదిగో రుజువు అనుకున్నాను. వస్తువులు తగ్గాయి, మనసు నిలిచింది. ఆమె నేల మీద కూర్చుని ఉందనీ, ఆ డబ్బాలు పాతవేననీ, గిన్నె పాదాల మధ్యే ఉందనీ నా కంటికి కనబడలేదు. లెక్క తప్పు చేసి జవాబు సరిపోయిందని సంబరపడే పిల్లల్ని నేను ఎంతమందిని చూడలేదు, అయినా నాకు తట్టలేదు.

పాత డబ్బాలన్నీ పాతసామాన్లాయనకు వేశాను. గుండిగలు మాత్రం మళ్ళీ అటక ఎక్కాయి. సరుకులు పోయడానికి మూతలున్న తెల్లటి జాడీలు తెచ్చాను, అన్నీ ఒకే కొలత. పేర్లు రాయలేదు. వీడియోలో రాయలేదు, పైగా అక్క ఎలాగూ చదవలేదు. చెక్కల పక్కన పొగబారిన దేవుడి పటాన్ని హాల్లోకి మార్చాను. గ్యాస్ పొయ్యి తీసేసి అరుగు మీద కరెంటు పొయ్యి పెట్టించాను. నల్లటి అద్దం పలక, మంట లేదు, గిన్నె తీస్తే ఆరిపోతుంది. ఇక ప్రమాదమే లేదు.

పూర్తయిన రోజు ఆ గదిలో నేను ఒక్కదాన్నే చాలాసేపు నిలబడ్డాను. తూర్పు కిటికీ వెలుగు రాయి మీద పడుతోంది. గోడల మీద ఏమీ లేదు. నిజం చెప్పాలంటే నా జీవితంలో అంత నచ్చిన గది ఇంకొకటి లేదు. అందులో ఒక్క వస్తువు కూడా నన్ను పోయి పేపర్లు దిద్దుకోమనలేదు. ఒక గిన్నెలో కొమ్మ పెట్టాలని పెరట్లో చూస్తే కరివేపాకు తప్ప ఏమీ లేదు. అదే తుంచి పెట్టాను. మర్నాడు అక్క ఆ కొమ్మంతా దూసి తాలింపులో వేసింది. కొమ్మ ఏదక్కా అంటే, "అందుకే గదా పెట్టినావు" అంది. ఇద్దరం కడుపు పట్టుకుని నవ్వాం. మేమిద్దరం కలిసి నవ్వినది అదే ఆఖరు.

ఆ తాలింపు నేను పక్కన ఉండి జాడీలు అందిస్తే జరిగింది. నేను లేనప్పుడు ఆమెకు ఏమీ దొరకలేదు. ఉలవలు కావాలంటే ఆమె వెదికేది పాలపొడి డబ్బాను. ఆ డబ్బా మీది పిల్లవాడి బొమ్మ చూసి తీసేది. చదువు రాని మనిషికి ఆ బొమ్మలూ, ఆ సొట్టలూ, అది ఉండే మూలా అన్నీ అక్షరాలే. నేను వాటిని చెరిపి అన్నీ ఒకే తెల్లటి జాడీలు చేసి పెట్టాను. తలుపు మీద చేయి ఆనితే అది టక్కున తెరుచుకుని ఆమెను ఉలిక్కిపడేలా చేసేది. "దీన్లో ఎవురో ఉండారు పాపా" అని ఒకసారి వెనక్కి వచ్చేసింది. అద్దం పలక పొయ్యి అంటే ఆమె ఎప్పటికీ నమ్మలేదు. ఉతికిన తువ్వాళ్ళు మడిచి దాని మీద పేర్చేది.

సంగటి ఒకసారి ప్రయత్నించింది. కట్టె ఏ తలుపు వెనక ఉందో ఆమెకు తెలియలేదు, నేనే తీసిచ్చాను. దించి కింద పెట్టి కెలకబోతే నేల కొత్త టైల్స్, గిన్నె పాదాల మధ్యనుంచి జారి పోయింది. వేడి పిండి కాలి మీద పడింది. పెద్ద గాయం కాలేదు, వెన్న రాశాను. అక్క ఏడవలేదు. ఆ కట్టెను అటూ ఇటూ తిప్పి చూసి, "దీన్ని ఎట్ల పట్టుకోవాల?" అని అడిగింది. నాకూ తెలియదు, ఒక్క పూట తప్ప నన్ను ఎప్పుడూ దాన్ని పట్టుకోనివ్వలేదు కదా.

మా వైపు రైతుల ఇళ్ళలో ఒక మర్యాద ఉంది. పరాయి ఇంటికి పోతే వసారాలో కూర్చోవాలి, పీట వేసి పిలిస్తే తినాలి, ఆ ఇంటి వంటింటి గడప మాత్రం దాటకూడదు. అది ఆ ఇల్లాలి చోటు. రమ్మని పిలిచినా వద్దనాలి. అక్క దీన్ని గట్టిగా పాటించే మనిషి. చుట్టాల ఇళ్ళలో దాహమైనా గడప ఇవతలే నిలబడి అడిగేది. మా ఇంటికి వచ్చినవాళ్ళు చనువుగా వంటింట్లోకి వస్తే వాళ్ళు పోయాక ఒక పూటంతా తిట్టేది.

ఒక పొద్దున స్నానం చేసి వచ్చి ఆమె వంటింటి గడప దగ్గర ఆగిపోయింది. నేను లోపల పాలు కాస్తున్నాను.

"రా అక్కా, యాల ఆడనే నిలబడినావు?"

"వద్దులేమ్మా, ఈడనే ఉంటాను" అంది. తలుపుచెక్క పట్టుకుని గోడలూ, రాయీ, కిటికీ అన్నీ మెల్లగా చూసింది. "మీ వంటిల్లు శానా శుభ్రంగా పెట్టుకోనుండారమ్మా" అంది.

ఆమె అంతకుముందు నన్ను ఎన్నడూ మీరు అనలేదు. పాలు పొంగుతుంటే కూడా నేను కదల్లేకపోయాను. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందంటారే, అది నా ఎదురుగా తలుపుచెక్క మీద చేయి వేసి నిలబడి ఉంది.

చేతులు కాలాక ఆకులు పట్టుకునే పని కూడా చేశాను. పుంగనూరు ఆయన్ని పిలిపించి తలుపులన్నీ ఊడదీయించాను. ఆయన తలుపులు పాడవకుండా పక్కన పేర్చి పోయాడు. వసారాలోని ఒంటి పొయ్యిని తెచ్చి నేల మీద పెట్టాను. అటక మీది గుండిగలు ఆమె కంటికి కనబడేలా దించాను, దేవుడి పటాన్ని మళ్ళీ తగిలించాను. పాలపొడి డబ్బా కోసం పాతసామాన్ల కొట్టుకు పోతే అవన్నీ ఎప్పుడో లారీ ఎక్కాయన్నారు. అలాంటి డబ్బా అంగట్లో కొత్తది కొన్నాను, ఇప్పుడు దాని మీద బొమ్మ మారిపోయింది. ఇంతా చేస్తే అక్కకు అది మూడో ఇల్లయింది. పాతదీ కాదు, కొత్తదీ కాదు. గడప మాత్రం దాటలేదు. వంటింటి గడపే కాదు, నెమ్మదిగా ఇల్లంతా పరాయిది అయింది. పడుకోవడానికి కూడా అడిగి పడుకుంటుంది. పొద్దున్నే రెండు చీరలు సంచిలో సర్దుకుని వసారాలో కూర్చుంటుంది, చుట్టరికానికి వచ్చి తిరిగి పోయేవాళ్ళలాగా.

డాక్టరుకు చెప్పాను. వంటిల్లు మార్చకపోయినా ఇది వచ్చేదేనమ్మా, కొంచెం ముందూ వెనకా, అన్నాడు. ఆయన మంచివాడు. నా కోసం అన్నాడో, నిజమే అన్నాడో నేను తేల్చుకోలేను. ఆ కొంచెం ముందూ వెనకా అన్నదే నాకు అక్కతో మిగిలి ఉండిన సమయం అని ఆయనకు ఎలా చెప్పను? మందు వేళకు ఇస్తున్నాను. దాని వల్ల ఏమీ కావడం లేదు.

మొన్న మధ్యాహ్నం సంగటి నేనే కెలికాను. ఎంత కెలికినా పిండి ఉండలు కట్టింది. పక్కకు అనపగింజల పులుసు చేశాను, అది నీళ్ళ మాదిరి వచ్చింది. గడప ఇవతల పీట వేసి అక్కకు పళ్ళెం పెట్టాను. నా వంటను ఆమె ఎన్నడూ మెచ్చుకున్నది లేదు. ఎప్పుడో ఆమెకు జ్వరం వచ్చి నేను సంగటి చేసిన రోజు, "ఇది సంగటా, గోడకు మెత్తే మట్టా" అని లేచి, జ్వరంతోనే మళ్ళీ చేసింది. అలాంటి మనిషి ఆ ఉండల ముద్దను కొంచెం కూడా వదలకుండా తింది. చేయి కడుక్కుని కొంగుతో తుడుచుకుంది.

"బాగుండాదమ్మా. మీకు శానా శ్రమిచ్చినాను" అంది.

నాకు ఏడుపు వచ్చింది. తిట్టు అక్కా, మట్టి అను, నా చేతిలోంచి కట్టె గుంజుకో అని అరవాలనిపించింది. అరిస్తే ఆమె బెదిరిపోతుంది. ఊరకే పళ్ళెం తీశాను.

ఆమె సంచి దగ్గరికి లాక్కుంది. "ఇంగ నేను పోవాలమ్మా. కుప్పం బస్సు యాడ నిలుస్తాదో కొంచెం సూపించండి."

"ఎండ ఎక్కువుండాది. తగ్గినాక పోదురుగానీ. అంత తొందర యాల?"

"ఇంట్లో మా పాప ఒగతే ఉండాది. బడి నుంచి వచ్చి ఆకలితో కూసోనుంటాది. దానికి సదువు తప్ప ఇంగేమీ తెల్దు. నేను పోయి కెలికి పెడితేనే అది తినేది."

నేను ఆమె పక్కన నేల మీద కూర్చున్నాను. ఆమె సంచి పక్కకు జరిపి మర్యాదగా చోటిచ్చింది. ఎండ తగ్గేదాకా ఇద్దరం అక్కడే ఉన్నాం. మధ్యలో ఒకసారి వీధి వైపు చూస్తూ, "తినిందో లేదో" అంది.

నేను అప్పటికింకా తినలేదు.